చెరువు పూడిక తీస్తే అందులోని కార్బన్ గాలిలో కలిసిపోతుందా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. మీది ధర్మవరం దగ్గర పల్లె. చెరువులు, రిజర్వాయర్లు కూడా కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వదులుతాయని చదివారు. ఎండాకాలంలో నీళ్లు తగ్గాక మీ చెరువులో బుడగలు లేవడం కళ్లారా చూశారు. ఇప్పుడు ఊళ్లో పూడిక తీసే పని మొదలవుతోంది. ఆ మట్టిని కదిలిస్తే ఇన్నేళ్లుగా అందులో చేరిన కార్బనంతా గాలిలోకి పోతుందా, అలాంటప్పుడు తీయకుండా వదిలేయడమే మంచిదా అని అడిగారు. చెరువులు పూడ్చేస్తే వాతావరణానికి మేలే కదా అని మీ స్నేహితుడెవరో అన్నారని కూడా రాశారు.

సూటిగా చెబుతాను. పూడిక తీయండి. మట్టి బాగా ఎండాక తీసి, దగ్గరి పొలాలకు తోలుకుంటే గాలికి జరిగే నష్టం తక్కువ, నేలకు జరిగే మేలు ఎక్కువ. భయపడాల్సింది అడుగున ఉన్న పాత మట్టిని చూసి కాదు. ఏటా కొత్తగా వచ్చి చేరి, గాలి తగలని చోట కుళ్లే మురుగును, నాచును, చెత్తను చూసి భయపడాలి. మీరు చూసిన బుడగలు చాలావరకు వాటివల్ల వచ్చేవే. ఇక చెరువు పూడ్చేయమనే మాట మన సీమలో ఎవరూ అనకూడని మాట. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో చెరువు లేకపోతే ఆ వాన నీరు నిలిచే చోటే లేదు.

నేను ఉద్యోగమంతా నీటి పరీక్షల్లోనే గడిపాను. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో (2022లో విడగొట్టక ముందున్న పాత జిల్లాల సంగతి చెబుతున్నా) చెరువుల్లో, కాలువల్లో, రిజర్వాయర్లలో నీళ్లు పట్టి పరీక్ష చేయడమే నా పని. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నదులు నేల మీది కార్బన్‌ను సముద్రానికి మోసే గొట్టాల వంటివని చాలాకాలం అనుకున్నారు. ఎంత లోపలికి వస్తే అంతా అవతలికి పోతుందన్న లెక్క. 2007లో జొనాథన్ కోల్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు లెక్కలు తీసి, అలా కాదని చూపించారు. వాళ్ల అంచనా ప్రకారం నేల నుంచి నదుల్లోకి, సరస్సుల్లోకి ఏటా సుమారు 190 కోట్ల టన్నుల కార్బన్ చేరుతుంది. సముద్రానికి అందేది అందులో సగం కన్నా తక్కువ, 90 కోట్ల టన్నులు. మిగిలినదాంట్లో సుమారు 20 కోట్ల టన్నులు అడుగు మట్టిలో పూడిపోతుంది. తక్కినదంతా దారిలోనే గాలిలోకి లేచిపోతుంది. ఆ తర్వాత వచ్చిన అంచనాలు ఇంకా పెద్దవి. 2013లో పీటర్ రేమండ్ బృందం నదులు, వాగుల నుంచే ఏటా 180 కోట్ల టన్నుల కార్బన్, సరస్సులు, రిజర్వాయర్ల నుంచి మరో 32 కోట్ల టన్నులు కార్బన్ డయాక్సైడుగా బయటికి వస్తోందని తేల్చింది. అంటే మీరు చదివింది నిజమే.

కానీ అదంతా చెరువు పుట్టించిన కార్బన్ కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. గట్టు మీద రాలిన ఆకు, పొలంలో కుళ్లిన వేరు, పశువుల పేడ, నేల లోపలి వేళ్లు వదిలిన గాలి, ఇవన్నీ వానతో కొట్టుకొచ్చి నీటిలో చేరతాయి. చెరువు లేకపోయినా వాటిలో చాలా భాగం నేల మీదే కుళ్లి గాలిలో కలిసేది. చెరువు వల్ల కొత్తగా వచ్చే తేడా రెండే. ఒకటి, కొంత కార్బన్ ఒండ్రు మట్టితో కలిసి అడుగున చేరి ఏళ్ల తరబడి నిలుస్తుంది. అది మంచి. రెండోది, ఆక్సిజన్ అందని బురదలో కుళ్లినప్పుడు కార్బన్ డయాక్సైడుకు బదులు మీథేన్ తయారవుతుంది. అది చెడు.

చెరువు మంచిదా చెడ్డదా అన్నది ఎంత కార్బన్ వదిలిందన్న దానికన్నా, ఏ రూపంలో వదిలిందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. చిన్న లెక్క చూడండి. ఒక కిలో కార్బన్ పూర్తిగా కార్బన్ డయాక్సైడుగా మారితే 3.67 కిలోల వాయువు. అదే కిలో మీథేన్‌గా మారితే 1.33 కిలోలే. కానీ నూరేళ్ల లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడు కన్నా సుమారు 27 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. అంటే ఆ 1.33 కిలోలు 36 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానం. అదే కార్బన్, దాదాపు పది రెట్లు చెరుపు. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే తేడా ఇంకా ఎక్కువ.

ఇప్పుడు మీ బుడగల సంగతి. బురదలో పుట్టిన మీథేన్ నెమ్మదిగా కరుగుతూ పైకి వస్తే, మధ్యలో ఆక్సిజన్ ఉన్న పొరలో కొన్ని బ్యాక్టీరియా దాన్ని తినేసి కార్బన్ డయాక్సైడుగా మారుస్తాయి. లోతైన నీటిలో ఇదే ఎక్కువ జరుగుతుంది. నీళ్లు మోకాలి లోతుకు, నడుము లోతుకు తగ్గాక బుడగకు ఆ అడ్డు ఉండదు. బురద నుంచి లేచిన క్షణాల్లోనే పైకొచ్చి పగిలిపోతుంది. దానికి తోడు, మీటరు నీరు తగ్గితే బురద మీద ఒత్తిడి వాతావరణ పీడనంలో పదో వంతు మేర తగ్గుతుంది. గోలీసోడా కొట్టగానే గ్యాస్ పొంగినట్టు, తూము తీసి నీళ్లు వదిలినప్పుడు బురదలో చిక్కుకున్న గాలి ఒక్కసారిగా వదులుతుంది. ఎండలకు బురద వేడెక్కడంతో మీథేన్ చేసే సూక్ష్మజీవులు కూడా అప్పుడే జోరుగా పనిచేస్తాయి. లోతు తక్కువ, ఒత్తిడి తక్కువ, వేడి ఎక్కువ. మన దగ్గర ఈ మూడూ ఏప్రిల్, మే నెలల్లోనే కలుస్తాయి.

చిన్న కుంటల విషయంలో ఇది మరీ ఎక్కువ. 2016లో వచ్చిన ఒక ప్రపంచ అంచనా ప్రకారం పది గుంటల విస్తీర్ణం కూడా లేని అతి చిన్న కుంటలు (పదో వంతు హెక్టారుకు లోపువి) సరస్సులు, కుంటల మొత్తం విస్తీర్ణంలో 9 శాతం లోపే. కానీ నీటిలో కరిగి పైకి వచ్చే మీథేన్‌లో వాటి వాటా 40 శాతం దాకా ఉంది. బుడగల లెక్క అందులో లేదు. అందుకే పూడిక తీసేటప్పుడు ఇష్టమొచ్చినట్టు లోతైన గుంతలు తవ్వి వదిలేయొద్దని నేను ప్రతిసారీ మొత్తుకుంటాను. చెరువు ఎండాక ఆ గుంతల్లో నిలిచే పచ్చటి నీళ్లే అన్నిటికన్నా ఎక్కువ బుడగలు వదులుతాయి. పిల్లలు పడి ప్రాణాలు పోయేదీ ఆ గుంతల్లోనే. గ్యాస్ సంగతి పక్కన పెట్టినా ఈ ఒక్క కారణం చాలు.

మురుగు ఎంత తేడా తెస్తుందో నేను దగ్గర నుంచి చూశాను. ఒకే వంక కింద వరుసగా ఉన్న గొలుసుకట్టు చెరువుల్లో రెండింటిని పక్కపక్కనే పరీక్ష చేశాం. పై చెరువులోకి వాన నీరు, పశువుల పేడ తప్ప వేరే ఏమీ రాదు. కింది చెరువులో ఒక చిన్న పట్నం మురుగు కాలువ కలుస్తుంది. పై చెరువు అంచున కర్రతో బురద గుచ్చితే ఒకటో రెండో బుడగలు. బురద గోధుమ రంగులో, లోపల కాస్త బూడిద రంగులో ఉంది. కింది చెరువులో కర్ర దించక ముందే నీళ్లు చిమచిమలాడుతున్నాయి. గుచ్చితే గుప్పెడు బుడగలు, కుళ్లిన కోడిగుడ్డు వాసన. చేతిలోకి తీసుకున్న బురద బొగ్గులా నల్లగా ఉంది. దాన్ని ఒక పళ్లెంలో పరిచి పెట్టాం. సాయంత్రానికి పైపొర గోధుమ రంగుకు తిరిగింది. ఆ నలుపు ఇనుము, గంధకం కలిసిన పదార్థానిది, గాలి తగిలేసరికి తుప్పు రంగు వచ్చింది. బురదకు ఆక్సిజన్ అందడం లేదని చెప్పడానికి ఆ నలుపును మించిన సాక్ష్యం అక్కర్లేదు. మీ చెరువు మట్టి ఏ రంగులో ఉందో తవ్వి చూడండి. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

పెద్ద రిజర్వాయర్లకూ ఇదే వర్తిస్తుంది. 2016లో ప్రపంచంలోని రిజర్వాయర్ల మీద వచ్చిన ఒక సమగ్ర లెక్కలో అవి వదిలే వాయువుల వేడిలో ఐదింట నాలుగు వంతులు మీథేన్‌దేనని తేలింది. మనకు దగ్గరలో శ్రీశైలం చూడండి. నిండితే 885 అడుగులు. నీళ్లు తగ్గేకొద్దీ సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, చుట్టూ మైళ్ల కొద్దీ ఒండ్రు నేల తేలుతుంది. ఆ తేలిన నేల నెర్రెలిచ్చి, గాలి లోపలికంటా పోయి, అప్పటిదాకా నీటి కింద నిద్రపోయిన కార్బన్ కుళ్లి కార్బన్ డయాక్సైడుగా పోతుంది. తర్వాత గడ్డి మొలుస్తుంది, జనం పైర్లు వేస్తారు, గొర్రెలు మేస్తాయి. వరద రాగానే ఆ పచ్చదనమంతా మునిగి మళ్లీ కుళ్లుతుంది. ఇలా తేలే నేలను చాలా ఏళ్లు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 2021లో వచ్చిన ఒక పరిశోధన ప్రపంచ రిజర్వాయర్ల విస్తీర్ణంలో సగటున 15 శాతం ఇలా ఎండి ఉంటుందని, దాన్ని కూడా కలిపితే రిజర్వాయర్లు పూడ్చుకునే కార్బన్ కన్నా వదిలేది దాదాపు రెండింతలని చెప్పింది. మన సీమ చెరువుల్లో ఎండే భాగం 15 శాతం కాదు, చాలా ఏళ్లు నూటికి నూరు. అందుకే చలిదేశాల సరస్సుల లెక్కలు తెచ్చి మన చెరువులకు అంటగట్టకండి. అక్కడి మట్టి వేల ఏళ్లు నీటి కిందే ఉంటుంది. మన చెరువు మట్టి ఏటా తడుస్తుంది, ఎండుతుంది. తేలిగ్గా కుళ్లే కార్బన్ ఎప్పుడో పోయి ఉంటుంది. పాత పొరల్లో మిగిలింది బంకమన్నును పట్టుకుని ఉన్న మొండి కార్బన్.

మీ అసలు ప్రశ్నకు జవాబు కూడా అదే. ఆ మొండి కార్బన్ ట్రాక్టరులో పోసి పొలానికి తోలినంత మాత్రాన మాయమైపోదు. కొంత పోతుంది, ముఖ్యంగా చల్లిన తర్వాత మొదటి వానలకు. తడిసిన ఎండు మట్టిలో సూక్ష్మజీవులు ఒక్కసారిగా లేచి పనిచేస్తాయి. కానీ పోయేది కార్బన్ డయాక్సైడుగా, మీథేన్‌గా కాదు. మిగిలింది ఎర్రనేలలో బంకమన్నుతో పాటు నిలుస్తుంది. భూసార పరీక్షల్లో సేంద్రియ కార్బన్ 0.5 శాతం లోపు ఉంటే తక్కువ అని రాస్తారు. అనంతపురం ఎర్రనేలల ఫలితాల్లో నేను ఎక్కువగా చూసింది ఆ మాటే. అలాంటి నేలకు చెరువు మట్టి పడితే తడి నాలుగు రోజులు ఎక్కువ ఆగుతుంది, వేరుశనగ పైరు బాగా పెరుగుతుంది. పెరిగిన పైరు వేళ్లు, ఆకులు మళ్లీ నేలకే కార్బన్ ఇస్తాయి. మన తాతలు చెరువు మట్టి తోలుకున్నది ఇందుకే.

లెక్క కావాలంటే ఇదిగో. ఒక ట్రాలీకి మూడు టన్నుల మట్టి, అందులో ఒక శాతం కార్బన్ ఉందనుకుందాం. ట్రాలీకి 30 కిలోల కార్బన్. ఒక లీటరు డీజిల్ కాలితే రెండున్నర కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే ముప్పావు కిలో కార్బన్. ఊరి పొలాలకు తోలితే ఈ ఖర్చు లెక్కకే రాదు. అదే మట్టిని యాభై కిలోమీటర్ల అవతల ఇటుక బట్టీకి అమ్మితే, డీజిల్ ఒక పక్క, బట్టీలో కాలిపోయే కార్బన్ ఇంకో పక్క. అప్పుడు మీ భయం అక్షరాలా నిజమవుతుంది. మట్టి ఎక్కడికి పోతోందన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఇంకో విషయం, ఇది రాళ్లకు సంబంధించింది. నాకు చాలా ఇష్టమైన సంగతి కాబట్టి చెప్పకుండా ఉండలేను. నీళ్లలో ఉండే కార్బన్‌లో ఎక్కువ భాగం కరిగిన వాయువు కాదు, బైకార్బొనేట్ (కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీరు రాయిని కరిగించినప్పుడు ఏర్పడే రూపం). లీటరుకు 200 మిల్లీగ్రాముల బైకార్బొనేట్ ఉన్న నీటిలో దాని రూపంలోనే 39 మిల్లీగ్రాముల కార్బన్ ఉంటుంది. గాలితో సమతూకంలో ఉన్న నీటిలో కరిగి ఉండే కార్బన్ డయాక్సైడ్ మాత్రం లీటరుకు సుమారు అర మిల్లీగ్రామే. ఈ బైకార్బొనేట్ ఎక్కడిదన్నది ఊరిని బట్టి మారుతుంది. కొలిమిగుండ్ల, బేతంచెర్ల, తాడిపత్రి వైపు సున్నపురాయి నేల. అక్కడ సగం కార్బన్ గాలిది, సగం రాతిది. నీరు ఆవిరై సున్నం పేరుకున్నప్పుడు గాలి నుంచి తీసుకున్న సగం తిరిగి గాలికే పోతుంది, అక్కడికి లెక్క సరి. బెలుం గుహల్లో వేలాడే సున్నపు ఊడలన్నీ ఇలా వాయువు వదిలేసిన నీటిచుక్కలు కట్టినవే. మీ ధర్మవరం వైపు గట్టి గ్రానైటు జాతి రాళ్లు. వాటిని కరిగించిన నీటిలోని బైకార్బొనేట్ దాదాపు అంతా గాలి నుంచి, నేల లోపలి గాలి నుంచి వచ్చిందే. అక్కడ సున్నం పేరుకుంటే సగం గాలికి తిరిగిపోయినా మిగతా సగం రాయిగా మిగిలిపోతుంది. చాలా నెమ్మదిగా జరిగే పని, మీ పూడిక పనితో దానికి పోటీ లేదు. కానీ మీ చెరువు గట్టున తెల్లటి సున్నపు గులకలు కనబడితే, అందులో ఒకప్పటి గాలి ఉందని తెలుసుకోండి.

పరీక్ష చేయాలని ఉందన్నారు కాబట్టి రెండు మాటలు. మధ్యాహ్నం ఒక్కసారి నీళ్లు పట్టి చెరువు మీద తీర్పు చెప్పకండి. పగలు నాచు కార్బన్ డయాక్సైడును లాగేస్తుంది, రాత్రిపూట నీటిలోని జీవులన్నీ కలిసి దాన్ని వదులుతాయి. పచ్చగా ఉన్న ఒక చెరువులో సాయంత్రం నాలుగింటికి పట్టిన నీటిలో ఫినాఫ్తలీన్ (క్షారగుణం ఉంటే గులాబీ రంగు చూపే మందు) చుక్క వేయగానే గులాబీ రంగు వచ్చింది. పీహెచ్ 8.3 దాటిందని, కరిగిన కార్బన్ డయాక్సైడ్ లేనట్టేనని అర్థం. ఆ లెక్కన ఆ చెరువు గాలి నుంచి కార్బన్ తీసుకుంటోంది. మర్నాడు తెల్లవారకముందే అదే మెట్టు దగ్గర పట్టిన నీటిలో చుక్క వేస్తే రంగే లేదు. రంగు రావడానికి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం పోస్తూ పోవాల్సి వచ్చింది. లీటరుకు అర మిల్లీగ్రాము ఉండాల్సిన చోట దానికి ఎన్నో రెట్లుంది. సాయంత్రం ఒక్కటే చూసిన వాళ్లు చెరువు కార్బన్‌ను దాచుకుంటోందని రాస్తారు, వేకువన ఒక్కటే చూసిన వాళ్లు వదిలేస్తోందని రాస్తారు. కనీసం ఈ రెండు వేళల్లోనైనా పట్టండి. సీసాను నీటిలో ముంచి, గాలి బుడగ మిగలకుండా నింపి, నీటిలోనే మూత బిగించండి. పరీక్ష ఒడ్డునే చేయండి. ల్యాబుకు తీసుకెళ్లేలోపు లెక్క మారిపోతుంది.

బుడగలు కొలవాలంటే పెద్ద ప్లాస్టిక్ గరాటు చాలు. దాన్ని బోర్లించి నీటిలో ముంచండి, కాడ మీద నీళ్లు నిండిన సీసాను తలకిందులుగా అమర్చండి. థర్మకోల్ ముక్కతో తేలేట్టు చేసి, రాయి కట్టి ఒక చోట నిలపండి. వచ్చిన బుడగలు సీసా పైభాగంలో చేరి నీటిని కిందికి నెడతాయి. గరాటు నోరు 30 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే 0.07 చదరపు మీటరు, దాన్ని బట్టి చెరువుకు లెక్క కట్టుకోవచ్చు. అందులో మీథేన్ ఒక్కటే ఉండదు, నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కూడా ఉంటాయి. వేరు చేయాలంటే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఉన్న యూనివర్సిటీ ల్యాబుకు ఇవ్వాలి. ఒక్క చోట పెట్టి ఆపేయకండి. మురుగు కలిసే మూలలో ఒకటి, కట్ట దగ్గర ఒకటి, ఎగువన వంక కలిసే చోట ఒకటి పెట్టండి, మూడూ మూడు రకాలుగా చెబుతాయి. బురదలోకి ఒంటరిగా దిగొద్దు. అగ్గిపుల్ల గీసి చూసే సరదా పడొద్దు.

ఇక పని జరిగేటప్పుడు ఊళ్లో మీరు పట్టుబట్టాల్సినవి. మట్టి పూర్తిగా ఎండాకే తీయాలి, తడి బురద కుప్పలు పోస్తే కుప్ప లోపల మళ్లీ గాలి ఆడదు. పొలంలో కుప్పలుగా వదలకుండా పరిచి దున్నేయాలి. ఒండ్రు పొర వరకే తీయాలి. అడుగున నీటిని ఆపే గట్టి బంకమన్ను పొరను చీల్చొద్దు, కట్ట పాదం దగ్గర అసలు తవ్వొద్దు. మురుగు తగిలే మూలలోని నల్ల మట్టిని వేరుగా తీసి పరీక్ష చేయించి కానీ పొలానికి వేయొద్దు, అందులో ఉప్పు, లోహాలు ఉండొచ్చు. చేపల కోసమని కోళ్ల వ్యర్థాలు వేయడం ఎక్కడ కనబడినా ఆపించండి. గుర్రపు డెక్క తీస్తే గట్టు మీదికి తెచ్చి ఎరువు చేయాలి, తెంపి నీటిలోనే వదిలేస్తే అదంతా బురదలో చేరి మీథేన్ అవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం మురుగు. దాన్ని ఆపకుండా పూడిక ఒక్కటే తీస్తే రెండు మూడు ఏళ్లలో నల్ల బురద మళ్లీ చేరుతుంది. పూర్తిగా ఆపలేకపోతే, చెరువులో కలిసే ముందు ఒక తొట్టి, దాని తర్వాత తుంగ, జమ్ము పెంచిన చిన్న మడుగు ఉన్నా చాలా బరువు అక్కడే దిగుతుంది. ఆ తొట్టి అడుగును ఏటా శుభ్రం చేసే బాధ్యత ఎవరిదో ముందే రాసుకోవాలి, లేకపోతే అదే ఇంకో మురికి గుంట అవుతుంది.

మీ చెరువులోకి మురుగు కాలువ ఎక్కడ కలుస్తుందో, ఎండాకాలం ఎన్ని నెలలు నీళ్లుంటాయో, తవ్వి చూస్తే మట్టి ఎంత లోతు దాకా నల్లగా ఉందో రాయండి. ఫొటో పెడితే ఇంకా మంచిది. దాన్ని బట్టి ఏ మూల నుంచి పని మొదలుపెట్టాలో చెబుతాను.